చిన్న కుర్చీల డాక్టరమ్మ

కిందటి సంవత్సరం తల్లిదండ్రుల సమావేశానికి మనకు కెఫెటీరియా దొరకలేదు. స్కూలు వాళ్ళు కిండర్‌గార్టెన్ గది తాళం ఇచ్చారు. వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆరడుగుల నాన్నలు జానెడు కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. అమ్మలు చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చోవడానికే అయిదు నిమిషాలు పట్టింది. మొదట అందరం నవ్వుకున్నాం. ఫీజులు, పరీక్ష తేదీలు, సంక్రాంతి ముగ్గుల పోటీ అయ్యేసరికి నలభై నిమిషాలు దాటింది. అప్పటికి నవ్వు పోయింది. ఒకరు నడుం పట్టుకున్నారు, ఇంకొకరు లేచి గోడకు ఆనుకున్నారు, ఒక పెద్దాయన ఫోను వచ్చిందని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. చివర్లో నేను చెప్పిన హోంవర్కు సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదని తర్వాతి శనివారం తెలిసింది.

పిల్లలూ, ఒకప్పుడు ఇదే అవస్థ మీలాంటి వాళ్ళది, కాకపోతే తలకిందులుగా. పెద్దవాళ్ళ కొలతల బల్లలు, నేలకు అందని కాళ్ళు, లేవడానికి వీల్లేని వరుసలు. ఆ బల్లల్ని చూసి ఇది పిల్లల తప్పు కాదు, బల్లల తప్పు అని గట్టిగా వాదించిన ఒక డాక్టరమ్మ కథ ఇది. ఆవిడ పేరు మరియా మాంటిస్సోరి.

ఇటలీలో ఏంకోనా పట్నం దగ్గర కియరవల్లె అనే చిన్న ఊళ్ళో 1870 ఆగస్టు 31న పుట్టింది. నాన్న ప్రభుత్వోద్యోగి. అమ్మ పుస్తకాలు బాగా చదివే మనిషి. మరియా చిన్నగా ఉండగానే కుటుంబం రోముకు మారింది. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్ల అంటే టీచరు కావడమే. ఆవిడ మాత్రం లెక్కలంటే ఇష్టంతో పదమూడో ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది, ఇంజనీరు కావాలనుకుంది. (మన ఇళ్ళల్లో ఇంజనీరు, డాక్టరు అనే రెండు మాటలు ఎంత మామూలో మీకు తెలుసు. ఆవిడ కూడా మొదటిది అనుకుని రెండోది అయింది.) రోము విశ్వవిద్యాలయంలో వైద్యం చదివేటప్పుడు మగ విద్యార్థుల మధ్య నిలబడి శవాన్ని కోయడం ఆడపిల్లకు తగదన్నారు. అందుకని అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం పూట, ఒంటరిగా ఆ గదిలో పని నేర్చుకోవలసి వచ్చింది. 1896లో పట్టా పుచ్చుకుంది. ఇటలీలో మొదటి తరం మహిళా డాక్టర్లలో ఆవిడ ఒకరు.

ఒక గదిలో ఎవరు ఎక్కడ ఉండవచ్చో, ఎవరు ఉండకూడదో ఇంకొకరు నిర్ణయిస్తే ఎలా ఉంటుందో ఆవిడకు అలా స్వయంగా తెలిసింది. తర్వాతి కాలంలో పిల్లల గదుల గురించి అంత పట్టుదల చూపడానికి ఇది కూడా ఒక కారణమేమో అని నాకనిపిస్తుంది. ఆవిడ అలా రాసుకుందని కాదు, నా ఊహ మాత్రమే.

డాక్టరుగా మొదట పనిచేసింది మానసిక వైద్యశాలలో. అప్పట్లో బుద్ధి ఎదగని పిల్లల్ని పిచ్చాసుపత్రుల్లో పెద్దవాళ్ళతో పాటే పడేసేవారు. ఒక చోట అలాంటి పిల్లల గది చూసింది. నాలుగు గోడలు తప్ప అందులో ఏమీ లేదు. తిండి అయ్యాక పిల్లలు నేల మీద పడి రొట్టె ముక్కలు ఏరుకుంటున్నారు. వాళ్ళను చూసుకునే మనిషి దాన్ని తిండియావ అనుకుంది. మాంటిస్సోరికి వేరేగా తోచింది. ఆ గదిలో చేత్తో పట్టుకోవడానికి రొట్టె ముక్క తప్ప ఇంకో వస్తువే లేదు కదా! ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగేన్ రాసిన పుస్తకాలు తెప్పించుకుని, చేతులతో తాకి నేర్చుకునే వస్తువులు తయారుచేయించి, ఆ పిల్లలకు చదవడం, రాయడం నేర్పింది. కొందరు మామూలు బడి పిల్లలతో పాటు పరీక్ష రాసి గట్టెక్కారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. వీళ్ళే ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు బడుల్లో ఇంతకంటే ఎక్కువ ఎందుకు చేయలేకపోతున్నారు?

ఆ బడులు ఎలా ఉండేవో చూడాలి. యూరప్‌లోనూ, ఇక్కడ అమెరికాలోనూ బల్లను, సీటును ఇనప కాళ్ళతో నేలకు మరలు వేసి బిగించేవారు. అందరి ముఖాలూ ఒకే వైపు. గంటలకొద్దీ అలా కూర్చుని పిల్లల వెన్నెముకలు వంకర తిరుగుతున్నాయని డాక్టర్లు గోల పెట్టారు. దాంతో శాస్త్రీయ బెంచీ అనే దానికోసం పోటీలు మొదలయ్యాయి. పిల్లవాడి ఎత్తెంత, కాలి పొడవెంత, బల్లకూ సీటుకూ ఎంత దూరం ఉండాలి అని కొలతలు తీసి, పక్కకు జరగడానికి వీల్లేకుండా, పాదాలకు కూడా చోటు చూపించి బెంచీలు చేశారు. మాంటిస్సోరి అప్పటికి మానవ శరీర కొలతల శాస్త్రం బోధిస్తున్న మనిషి. ఆ కొలతలు తప్పని ఆవిడ అనలేదు. అసలు ఒక పిల్లవాడి వెన్ను వంగిపోయేటంత సేపు ఒకే చోట కట్టిపడేసే చదువు ఏం చదువని అడిగింది. మందు బెంచీలో లేదు, బెంచీలోంచి లేవనివ్వడంలో ఉంది అని ఆవిడ వాదన.

మన వైపు బడులు ఇంతకంటే మేలని మీసం తిప్పనక్కరలేదు. మా తాతగారు గోనెపట్టా చంకలో పెట్టుకుని వీధిబడికి వెళ్ళేవారట. తన ఆసనం తానే మోసుకువెళ్ళే స్వేచ్ఛ అంతవరకే. ఒకసారి పరిచాక కదిలితే బెత్తం. గోడకుర్చీ అనే ఇంకొక ఆసనం కూడా ఉండేది. అందులో కుర్చీ ఉండదు, గోడ మాత్రమే ఉంటుంది. ఎలా కూర్చోవాలో ఇంటికి వెళ్ళి మీ తాతగారినో, నాన్నగారినో అడగండి, చేసి చూపిస్తారు. ఎక్కువసేపు చూపించలేరు. ఇక నా చిన్నప్పుడు హైస్కూల్లో క్వార్టర్లీ పరీక్షలు కాగానే మార్కుల ప్రకారం బెంచీలు మార్చేవారు. బడి పేరు అనవసరం. చివరి బెంచీకి వెళ్ళినవాడు మళ్ళీ ముందుకు రావడం నేను చూడలేదు. బోర్డు సరిగ్గా కనిపించేది ముందువాళ్ళకే కదా.

మళ్ళీ రోముకు వద్దాం. ఆ ఊళ్ళో సాన్ లొరెంజో అనే పేదల పేట ఉంది. ఒక ఇళ్ళ కంపెనీ అక్కడి పాత భవనాలు బాగుచేయించి కూలి కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లీ తండ్రీ పనికి పోతే, బడి వయసు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ కొత్త సున్నం గోడలు పాడుచేసేవారు. గోడలు కాపాడుకోవడానికి కంపెనీ డైరెక్టరు ఎదువార్దో తాలామో ఈ పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేయమని మాంటిస్సోరిని అడిగాడు. చదువు మీద ప్రేమతో కాదు, గోడల మీద ప్రేమతో! 1907 జనవరి 6న మార్సి వీధి 58వ నంబరు భవనంలో ఒక గదిలో యాభై మందికి పైగా పిల్లలతో అది మొదలైంది. దానికి పిల్లల ఇల్లు అని పేరు పెట్టారు. ఇటాలియనులో కాసా దెయ్ బంబీని.

ఇక్కడొక తమాషా ఉంది. ఆ డబ్బు బడి పద్దులోంచి రాలేదు, భవనాల నిర్వహణ పద్దులోంచి వచ్చింది. కాబట్టి బడి బెంచీలు కొనడానికి వీల్లేకపోయింది. ఆ లోటే వరమైంది. మాంటిస్సోరి పిల్లల కొలతకు చిన్న బల్లలు, చిన్న కుర్చీలు చేయించింది. చిన్న సామాను ఆవిడకు ముందు లేదని కాదు, జర్మనీలో ఫ్రోబెల్ మొదలుపెట్టిన కిండర్‌గార్టెన్లలో ఉండేది. ఈవిడ పట్టుబట్టింది బరువు గురించి. నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరు పట్టుకుంటే బల్ల కదలాలి, ఒక్కరే కుర్చీ ఎత్తి పెట్టుకోగలగాలి. చేతులు కడుక్కునే తొట్టి, నల్లబల్ల, బీరువా అన్నీ పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి. నేల మీద కూర్చునేవాళ్ళకు చిన్న తివాచీలు.

చూడవచ్చినవాళ్ళు తల పట్టుకున్నారు. బల్లలు కదిలితే చప్పుడు, కుర్చీలు పడితే గలాభా, ఇక క్రమశిక్షణ ఎక్కడిది? ఆవిడ జవాబు నాకు భలే నచ్చింది. బిగించిన బల్లను పిల్లవాడు ఎంత మొరటుగా తోసినా అది పడదు, కాబట్టి తాను మొరటుగా ఉన్నానని వాడికెప్పటికీ తెలియదు. తేలిక కుర్చీ తగిలితే దభాలున పడుతుంది. రెండోసారి వాడే చూసుకుని నడుస్తాడు. అంటే కుర్చీయే టీచరన్నమాట. మన ఇళ్ళల్లో పిల్లలకు గాజు గ్లాసు ఇవ్వాలంటే భయపడి ప్లాస్టిక్ గ్లాసు ఇస్తాం. ఆవిడ గాజువే ఇచ్చేది.

మొదట్లో ఆటవస్తువులు తాళం వేసిన బీరువాలో ఉండేవి. ఒకరోజు టీచరు ఆలస్యంగా వచ్చింది, తాళం వేయడం మరిచిపోయింది. వచ్చేసరికి పిల్లలు బీరువా తెరిచి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పనిలో ఉన్నారు. టీచరుకు అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి పిల్లలు తమ పని తాము ఎంచుకోవడంలా కనిపించింది. తర్వాత తాళం బీరువాలు పోయి, తలుపుల్లేని పొట్టి అరలు వచ్చాయి.

ఒక మూడేళ్ళ పాప కథ ఆవిడ తరచు చెప్పేది. కొయ్య దిమ్మెలో రకరకాల లావుల గుంటలుంటాయి, ఏ గుంటకు సరిపోయే బిరడా ఆ గుంటలో పెట్టాలి. పాప పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఎంత లీనమైందో చూద్దామని మాంటిస్సోరి మిగతా పిల్లలచేత పాటలు పాడించింది. పాప తలెత్తలేదు. అప్పుడు పాప కూర్చున్న కుర్చీని పాపతో సహా ఎత్తి బల్ల మీద పెట్టింది. పాప దిమ్మెను ఒళ్ళోకి లాక్కుని తన పని తాను చేసుకుపోయింది! నలభై సార్లకు పైగా చేసి, ఎవరూ ఆపమనకుండానే ఆపి, నిద్ర లేచినట్టు చుట్టూ చూసి నవ్వింది. పిల్లలకు నిలకడ లేదనే మన ఫిర్యాదుకు ఇంతకంటే జవాబు అక్కరలేదు.

ఇంకొక కుర్చీ కథ కూడా ఉంది, అది కొంచెం బాధ పెడుతుంది. పిల్లలంతా ఒక నీళ్ళ తొట్టి చుట్టూ మూగి తేలే బొమ్మలు చూస్తున్నారు. రెండున్నరేళ్ళ బాబు వెనక నిలబడ్డాడు, ఏమీ కనిపించదు. ముందుకు తోసుకుపోదామని చూశాడు, బలం చాలలేదు. నిలబడి ఆలోచించాడు. దూరంగా చిన్న కుర్చీ కనిపించింది. దాన్ని తెచ్చుకుని ఎక్కుదామని ముఖం వెలిగిపోతూ అటు నడిచాడు. ఇంతలో టీచరు చూసి, పాపం అని వాణ్ణి ఎత్తుకుని అందరి మీదుగా బొమ్మలు చూపించింది. బొమ్మలు కనిపించాయి. వాడి ముఖంలో వెలుగు మాత్రం ఆరిపోయింది. ఆ టీచరు చెడ్డ మనిషి కాదు. శనివారం శనివారం నేను చేసే పని కూడా దాదాపు అదే. పిల్లవాడు తెలుగు మాట కోసం వెతుక్కుంటుంటే ఆగలేక నేనే అందిస్తాను.

ఆవిడ పద్ధతి మీద పుస్తకం 1909లో వచ్చింది. పేరు దేశదేశాలకు పాకింది. అమెరికాలో టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్, ఆయన భార్య మేబెల్ ఆవిడ పద్ధతిని ప్రోత్సహించారు. 1913లో వచ్చి న్యూయార్కు కార్నెగీ హాల్లో ఉపన్యాసమిచ్చింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనలో గాజు గోడల తరగతి ఒకటి కట్టించింది. లోపల పిల్లలు వాళ్ళ పనుల్లో వాళ్ళు, బయట జనం ముక్కులు అద్దానికి ఆనించి! ఆ ప్రదర్శనలో ఆ తరగతికి రెండు బంగారు పతకాలు వచ్చాయి. అక్కడికి వెళ్ళినప్పుడల్లా మనం ఫొటోలు దిగే పాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ గుమ్మటం మొదట ఆ ప్రదర్శన కోసం కట్టినదే. గాజు గది మాత్రం ఇప్పుడు లేదు. కొద్ది ఏళ్ళకే ఇక్కడ ఆ మోజు చల్లారింది. కిల్‌పాట్రిక్ అనే పేరున్న విద్యావేత్త 1914లో ఆవిడ పద్ధతిని తప్పుపడుతూ పుస్తకమే రాశాడు. 1960 దాకా అమెరికాలో ఆ పద్ధతి మళ్ళీ లేచి నిలబడలేదు.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆవిడకు 1898లో ఒక కొడుకు పుట్టాడు, పేరు మారియో. పెళ్ళి కాలేదు. ఆ రోజుల్లో ఆ విషయం బయటపడితే ఉద్యోగం, పరువు అన్నీ పోయేవి. బాబును పల్లెలో వేరే కుటుంబం దగ్గర పెంచారు. లోకంలోని పిల్లలందరి గురించి ఆలోచించిన మనిషి తన పిల్లవాడి బాల్యానికి దూరమైంది. పదిహేనేళ్ళ వయసులో మారియో తల్లి దగ్గరకు వచ్చాడు, ఆ తర్వాత చివరిదాకా ఆవిడ పనికి కుడిభుజమయ్యాడు. ఇంకొకటి కూడా దాచనక్కరలేదు. పిల్లల స్వేచ్ఛ గురించి అంత చెప్పిన ఈవిడ 1920లలో ముసోలినీ ప్రభుత్వం ఇచ్చిన అండను పుచ్చుకుంది. పిల్లలు వరుసగా నిలబడి వందనం చేయాలనే మనుషులకూ, నచ్చిన చోట కుర్చీ వేసుకోమనే మనిషికీ ఎన్నాళ్ళు పొసుగుతుంది? 1934లో తెగిపోయింది. ఇటలీలో ఆవిడ బడులు మూతపడ్డాయి, ఆవిడ దేశం వదిలింది. స్పెయిన్లో ఉంటుండగా 1936లో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడినుంచి హాలెండు.

1939లో దివ్యజ్ఞాన సమాజం వారు పిలిస్తే కొడుకుతో కలిసి మద్రాసు అడయారుకు వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. దాదాపు మూడువందల మంది టీచర్లు ఆ శిక్షణకు చేరారు. ఆవిడ ఇటాలియనులో చెప్పేది, మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. కొద్ది నెలలనుకుని వచ్చింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిషు ప్రభుత్వానికి తల్లీకొడుకులు శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు, ఆవిడను అడయారు దాటవద్దన్నారు. ఆగస్టు 31న, ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకు కానుకగా వైస్రాయి కొడుకును విడిచిపెట్టాడు. అంతవరకూ లోకానికి మేనల్లుడనో, దత్తపుత్రుడనో చెప్పుకున్న మనిషిని వైస్రాయి సందేశం కొడుకు అనే పేర్కొంది. యుద్ధం అయ్యేదాకా, 1946 వరకు, అడయారు, కొడైకెనాల్, అహ్మదాబాదు, ఇంకా ఎన్నో చోట్ల వెయ్యి మందికి పైగా మన టీచర్లకు నేర్పింది. నేల మీద కూర్చునే మన దేశంలో ఆ బడుల్లోకి చాపలు, పొట్టి బల్లలు సహజంగానే వచ్చాయి. విజయవాడలో వేగె కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిస్సోరి పేరున బడి పెట్టారు. 2017లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. ఆ పేరు వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కాబట్టి మన ఊళ్ళల్లో వీధికొక మాంటిస్సోరి బోర్డు కనిపిస్తుంది. కొన్నింటి లోపలికి వెళ్తే గోడ నుంచి గోడకు బెంచీలే.

1949, 50, 51 సంవత్సరాల్లో ఆవిడ పేరు నోబెల్ శాంతి బహుమతికి వెళ్ళింది, రాలేదు. 1952 మే 6న హాలెండులో సముద్రం ఒడ్డున ఉన్న నోర్డ్‌వైక్ అనే ఊళ్ళో, ఆఫ్రికా వెళ్ళి అక్కడి టీచర్లకు శిక్షణ ఇచ్చే విషయం మాట్లాడుతున్న రోజుల్లోనే కన్నుమూసింది. వయసు 81. యూరో రాకముందు ఇటలీ వెయ్యి లీరాల నోటు మీద ఆవిడ బొమ్మ ఉండేది.

ఇదంతా చదివాక నా తరగతి బల్లల్ని కూడా కొంచెం అటూ ఇటూ జరపబుద్ధి పుట్టింది. నాకు పద్నాలుగు మంది, ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ వరకు. గది మనది కాదు. బల్లల మీద వారమంతా చదివే పిల్లల పేర్లు అంటించి ఉంటాయి, ఎలా ఉన్నవి అలాగే వదిలి వెళ్ళాలనేది షరతు. అందుకని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. జనవరిలో గుండ్రంగా వేశాం. మొదటి వారం ఇంగ్లీషు కబుర్లు రెట్టింపయ్యాయి. ఒక పాపకు అందరూ తనవైపే చూడడం నచ్చక ఏడుపు ముఖం పెట్టింది. ఆ పాపకు మూలన చాప వేశాం. రాతపని ఇచ్చినప్పుడు వరుసలే మేలని కూడా తెలిసింది, ఎవరి పుస్తకం వాళ్ళు చూసుకుంటారు. కథ చెప్పుకునేటప్పుడు మాత్రం గుండ్రమే. రెండేళ్ళుగా చివరి వరుసలో ఒక పొడుగు అబ్బాయి వెనక కనిపించకుండా కూర్చున్న బాబుకు తెలుగు రాదనుకున్నాను. నాకు మూడడుగుల దూరంలో కూర్చోబెడితే, పక్కవాడు తప్పు చదివినప్పుడల్లా పెదవులు కదిపి సరిచేస్తున్నాడు. ఇంకా గట్టిగా చదవడు. నేను అందించడం మానుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

గదిలోకి రాగానే బల్లల ఫొటో ఒకటి ఫోనులో తీస్తున్నాం. పన్నెండున్నరకు ఆ ఫొటో చూసుకుంటూ అన్నీ యథాస్థానంలో పెట్టాలి. మొదట్లో ఆ పని నేనూ ఇద్దరు నాన్నలూ చేసేవాళ్ళం. ఇప్పుడు ఫోను పెదవులు కదిపే బాబు చేతిలో ఉంటుంది. ఏ బల్ల ఎటు వెళ్ళాలో వాడే చెబుతాడు, కుడి, ఎడమ, ఇంకొంచెం వెనక్కి అని, తెలుగులోనే.